కాయిన్ సెల్‌ను మార్చడం ఎలా? తీసిన పాత సెల్‌ను ఏం చేయాలి?

కారు రిమోట్, వంటింటి తూకం, కంప్యూటర్ మదర్‌బోర్డు వంటి వాటిలో ఉండే లిథియం కాయిన్ సెల్‌ను మార్చడం పెద్ద పనేమీ కాదు. అయితే కొత్త సెల్‌ను ఎంతో జాగ్రత్తగా అమర్చేవారు కూడా తీసిన పాతదాన్ని బల్ల మీదే వదిలేస్తారు. అసలు ప్రమాదం దానితోనే.

కావలసినవి నాలుగే: కొత్త సెల్, చిన్న స్క్రూడ్రైవర్, చెక్క పుల్ల, వెడల్పాటి సెల్లోటేపు. పాత సెల్ మీద ఏ నంబరు ఉంటే అదే కొనాలి. సీఆర్2032లో 20 అనేది మిల్లీమీటర్లలో వ్యాసం, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. సీఆర్2025 కూడా 3 వోల్టులదే అయినా మందం 2.5 మిల్లీమీటర్లే కాబట్టి వదులుగా కూర్చుంటుంది. ఆ ఖాళీలో రేకు ముక్క మడిచి పెట్టడాన్ని నేను ఎంతమాత్రం ఒప్పుకోను. రేకు కాస్త జారి సెల్ అంచుకు తగిలితే షార్ట్ అవుతుంది. సీఆర్ రకం సెల్‌ను ఛార్జర్‌లో పెట్టకూడదు.

పరికరాన్ని ఆపి, కంప్యూటరైతే ప్లగ్ కూడా తీసి, మూత విప్పండి. ప్లస్ గుర్తు ఎటు ఉందో చూసుకొని సెల్‌ను చెక్క పుల్లతోనే పైకి లేపండి. ప్లస్ ముఖం, చుట్టూ ఉన్న గోడ ఒకే లోహపు డబ్బా. మైనస్ మూతకూ దానికీ మధ్య ఉన్నది సన్నని ప్లాస్టిక్ వలయమే. లోహపు పట్టకారుతో రెండు ముఖాలనూ పట్టుకుంటే అక్కడికక్కడే షార్ట్ చేసినట్లే.

ఇక ఆగి చేయవలసిన పని. పాత సెల్ చేతికి రాగానే, కొత్త సెల్ ప్యాకెట్ విప్పకముందే, దానికి టేపు వేయాలి. రిమోట్ ఆగిపోయినంత మాత్రాన సెల్ పూర్తిగా ఖాళీ అయినట్లు కాదు. పరికరానికి చాలని వోల్టేజి కూడా హాని చేయడానికి చాలు. రెండు ముఖాల మీదా విడివిడిగా టేపు అంటించి, చివరలు అంచు దాటి ఒకదానిపై ఒకటి పడేలా వేలితో గట్టిగా అదమండి. కాగితంలో చుట్టడం, పాత సెల్స్ అన్నింటినీ రేకు డబ్బాలో పోగేయడం చాలామందికి అలవాటు. కాగితం ఊడిపోతుంది, రేకు డబ్బా స్వయంగా లోహం. విడి సెల్స్ ఒకదానికొకటి తగిలి వేడెక్కి పగలవచ్చు, నిప్పూ అంటుకోవచ్చు. అందుకే టేపు వేయడమే నయం.

అయినా టేపు పిల్లలకు రక్షణ కాదు. మింగిన సెల్ అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడి తడి వల్ల కరెంటు ప్రవహించి, మైనస్ వైపు ఘాటైన క్షారం పుట్టి, రెండు గంటల్లోనే కణజాలాన్ని తీవ్రంగా కాల్చివేయగలదు. చొల్లు కారడం, దగ్గు, అన్నం వద్దనడం తప్ప వేరే లక్షణం కనిపించకపోవచ్చు. అనుమానం వచ్చినా చాలు, ఎక్స్‌రే సౌకర్యమున్న ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి. వాంతి చేయించకూడదు, తినడానికీ తాగడానికీ ఏమీ పెట్టకూడదు. ఒక్క తేనెకే మినహాయింపు: ఏడాది దాటి, మింగగలిగే స్థితిలో ఉన్న పిల్లలకు, మింగి 12 గంటలు దాటకపోతే, దారిలో 10 నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల చొప్పున ఆరుసార్ల వరకు ఇవ్వవచ్చు. తేనె కోసం ప్రయాణం ఆపవద్దు. ముక్కులోనో చెవిలోనో దూర్చుకున్నా ఇంతే అత్యవసరం.

టేపు వేసిన సెల్‌ను తాళం వేసిన చోట ఉంచి, ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వండి. చెత్తబుట్టలోనో మంటలోనో వేయవద్దు.

కొత్త సెల్‌ను అంచులు పట్టుకొని, పొడి గుడ్డతో తుడిచి, ప్లస్ గుర్తు మొదట ఎటు ఉందో అటే ఉంచి అమర్చండి. పరికరం పలకకపోతే ప్యాకెట్ చూడండి: పిల్లలు నోట్లో పెట్టుకోకుండా కొన్ని సెల్స్‌కు చేదు పూత పూస్తారు, ఆ పూత కొన్ని పరికరాల్లో కరెంటు అందనివ్వదు. అటువంటప్పుడు పూత లేనిది వేసి, మూత స్క్రూను బిగించండి. స్క్రూ పట్టని, మూత గట్టిగా నిలవని పరికరాన్ని చిన్నపిల్లలున్న ఇంట్లో వాడకూడదు.