మద్రాసు గవర్నర్ల పట్టికను తప్పుల్లేకుండా కూర్చుకోవడం ఎలా?

కోస్తా, రాయలసీమ జిల్లాల్లో ఊరి చరిత్ర రాయడానికి పూనుకున్నవారికి ఎప్పుడో ఒకప్పుడు మద్రాసు గవర్నర్ల పట్టికతో పని పడుతుంది. ఆనకట్ట ఎవరి హయాంలో కట్టారు, వంతెనకు ఆ పేరు ఎలా వచ్చింది, శిలాఫలకం మీద ఉన్న దొర ఎవరు అన్న ప్రశ్నలకు జవాబు అందులోనే ఉంటుంది. అయితే ఎక్కడో దొరికిన పట్టికను ఉన్నదున్నట్టుగా ఎత్తి రాసుకుంటే దానిలోని తప్పులు కూడా వెంట వస్తాయి కాబట్టి, శ్రమ అనుకోకుండా మీ పట్టికను మీరే కూర్చుకోవడం మంచిది. నోటుపుస్తకంలో ఐదు గడులు గీసుకోండి: పేరు, హోదా, బాధ్యత స్వీకరించిన తేదీ, వదిలిన తేదీ, వదిలిన కారణం. చాలామంది అనవసరమనుకొని వదిలేసే ఆ చివరి గడే, నా అనుభవంలో, అన్నిటికంటే ఎక్కువగా అక్కరకు వస్తుంది.

ముందుగా మీ ఊరు ఏ ఏడు నుంచి ఈ పట్టిక కిందికి వస్తుందో తేల్చుకోవాలి. ఉత్తర సర్కారులపై, అంటే కోస్తా జిల్లాలపై, ఈస్టిండియా కంపెనీ 1765లో మొగలు చక్రవర్తి నుంచి ఫర్మానా సంపాదించి, 1766లో నిజాముతో సంధి చేసుకుంది. అప్పటి గవర్నర్ రాబర్ట్ పాక్. గుంటూరు సీమ మాత్రం 1788లో గాని చేతికి రాలేదు. దత్త మండలాలు (నిజాము కంపెనీకి ఇచ్చేసిన రాయలసీమ ప్రాంతం) 1800లోను, నెల్లూరు 1801లోను కలిశాయి. కర్నూలు నవాబు సంస్థానం 1839 వరకు విడిగా ఉంది. అంటే 1790 నాటి కడప సంగతి రాస్తూ మద్రాసు గవర్నర్ పేరు ఎత్తడం పొరపాటు. తెలంగాణ జిల్లాలకు ఈ పట్టిక అసలు వర్తించదు. హైదరాబాదులో ఉన్న బ్రిటిష్ రెసిడెంటు నిజాము దర్బారులో కంపెనీ ప్రతినిధే గాని, అక్కడి గవర్నర్ కాడు.

తరువాత చూడవలసింది హోదా. 1640లో సెయింట్ జార్జి కోట దగ్గర అధికారం నెరపిన ఆండ్రూ కోగన్ ఏజెంటు మాత్రమే. 1652లో మద్రాసు ప్రెసిడెన్సీ, అంటే ఏజెంటుకు బదులు ప్రెసిడెంటు ఉండే పై స్థాయి కేంద్రం, అయింది, 1655లో మళ్లీ ఏజెన్సీ స్థాయికి దిగింది, 1684లో తిరిగి ప్రెసిడెన్సీ అయింది. విలియం గిఫర్డ్ ఏజెంటుగా మొదలై ప్రెసిడెంటుగా ముగించాడు కనుక ఆయనకు రెండు వరుసలు కేటాయించడమే న్యాయం. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నాక కంపెనీ పాలన కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటకు మారింది. 1749లో పట్నం తిరిగి వచ్చినా, పాలనా కేంద్రం 1752లో గాని మద్రాసుకు చేరలేదు. ఆ ఆరేళ్ల గవర్నర్ల పేర్ల పక్కన మద్రాసు అని కాక కడలూరు అని రాసుకోవాలి.

పాత తేదీలతో ఇంకో చిక్కు ఉంది. 1752కు ముందు ఇంగ్లీషు వారి లెక్కలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. తాత్కాలికంగా పని చూసిన ఎలిహు యేల్ 1685 జనవరిలో బాధ్యత వదిలితే, ఆనాటి కాగితం దాన్ని 1684 జనవరిగానే చూపుతుంది. దాన్ని తప్పుగా భావించి దిద్దకుండా, రెండు సంవత్సరాలనూ పక్కపక్కన రాసి పెట్టుకోండి.

అసలైన గందరగోళమంతా తాత్కాలిక గవర్నర్ల దగ్గరే ఉంటుంది. గవర్నర్‌ను నియమించేది లండన్‌లో. సూయజ్ కాలువ తెరవకముందు ఆయన ఓడలో ఇక్కడికి చేరడానికి నెలలు పట్టేది. ఈలోగా పదవి ఖాళీ అయితే కౌన్సిల్లో సీనియర్ సభ్యుడు పని చూసేవాడు. 1860వ సంవత్సరాన్నే తీసుకోండి. ఆదాయపు పన్ను ప్రతిపాదనను బాహాటంగా వ్యతిరేకించినందుకు చార్లెస్ ట్రెవెలియన్‌ను వెనక్కి పిలిపించారు. విలియం మోర్‌హెడ్ తాత్కాలికంగా కూర్చున్నాడు. జూలైలో సింహళం నుంచి సర్ హెన్రీ వార్డ్ వచ్చి, ఆగస్టు మొదట్లోనే కలరాతో చనిపోయాడు. మళ్లీ మోర్‌హెడే కూర్చున్నాడు. ఒక్క ఏడాదికి నాలుగు వరుసలన్నమాట. ఇందులో వార్డ్‌ను వదిలేసిన పట్టిక మీ కంటపడితే, మిగతా తేదీలను కూడా అనుమానంతోనే చూడండి.

వదిలిన తేదీ ఎప్పుడూ ఒక్కటే ఉండాలని లేదు. లార్డ్ పిగట్‌ను 1776 ఆగస్టు 24న ఆయన కౌన్సిల్లోని వారే నిర్బంధించారు. జార్జ్ స్ట్రాటన్ అధికారం చేపట్టాడు. పిగట్‌ను తిరిగి పదవిలో కూర్చోబెట్టాలన్న ఉత్తర్వు లండన్ నుంచి చేరేలోపే, 1777 మే 11న, ఆయన నిర్బంధంలోనే కన్నుమూశాడు. ఆయన పదవీకాలం ఏ రోజుతో ముగిసినట్టు? అధికారం పోయిన రోజునే వేసి, మరణాన్ని కారణం గడిలో చెప్పాలని నా అభిప్రాయం. మీరు వేరే పద్ధతి ఎంచుకున్నా ఫరవాలేదు గాని, పట్టిక పొడుగునా అదే పద్ధతి పాటించాలి.

ఇక ఒకే పేరున్న మనుషులు. లార్డ్ హోబర్ట్‌లు ఇద్దరు: ఒకరు 1794 నుంచి 1798 వరకు, ఇంకొకరు 1872 నుంచి 1875 వరకు గవర్నర్లు. దత్త మండలాలు వచ్చిననాటి లార్డ్ క్లైవ్ ప్లాసీ క్లైవ్ కాదు, ఆయన కొడుకు ఎడ్వర్డ్. రాజమండ్రి హేవలాక్ వంతెనకు 1857 యుద్ధంలో పేరుమోసిన సేనాని పేరు పెట్టారని నేనే ఒకప్పుడు ఒక సంచికలో రాసి, పెద్దల చేత చీవాట్లు తిన్నాను. ఆ పేరు 1896 నుంచి 1900 వరకు గవర్నర్‌గా ఉన్న సర్ ఆర్థర్ హేవలాక్‌ది. వంతెన పని 1897లో మొదలై 1900లో పూర్తయిందన్న సంగతి పట్టిక పక్కన పెట్టి చూసి ఉంటే ఆ తప్పు జరిగేది కాదు.

రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంత అభిమానం సంపాదించిన థామస్ మన్రో విషయంలో పొరపాటు ఇంకా ఎక్కువ. ఆయన 1800 నుంచి 1807 వరకు దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరు; గవర్నర్ అయింది 1820లో. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చాడన్న కథ చెప్పేవారు కలెక్టరు మన్రోను గవర్నర్‌ను చేసేస్తుంటారు. పర్యటనలో ఉండగా 1827 జూలై 6న పత్తికొండలో ఆయన కలరాతో మరణించాడు. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. గ్రామ రికార్డుల్లో ఉండేది ఫసలీ, అంటే భూమిశిస్తు లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1855 నుంచి ఫసలీ జూలై 1న మొదలవుతోంది గాని, అంతకుముందు జూలై 12న మొదలయ్యేది. కాబట్టి మన్రో పోయింది ఫసలీ 1236 చివరి రోజుల్లో. ఇప్పటి పద్ధతిలో లెక్కవేస్తే 1237 అని వచ్చి, ఏడాది తేడా పడుతుంది.

పట్టిక సిద్ధమయ్యాక తెలిసిన సంఘటనలతో సరిచూసుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. అప్పుడు మద్రాసులో మొదట ట్వీడేల్, 1848 నుంచి పాటింజర్ ఉన్నారు. కాబట్టి "ఫలానా గవర్నర్ కట్టించాడు" అనకుండా ఇద్దరినీ చెప్పండి. కట్టిన ఘనత ఎలాగూ కాటన్‌ది. నియామకాల తేదీలకు 1832 నుంచి వెలువడిన ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్ నమ్మదగినది. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఆనాటి ప్రభుత్వ రికార్డులు చూడవచ్చు.

ఇరవయ్యో శతాబ్దంలో పని తేలిక. లార్డ్ ఎర్‌స్కిన్ సెలవు మీద వెళ్లినప్పుడు 1936లో కొన్ని నెలలు మన కూర్మా వెంకటరెడ్డి నాయుడు తాత్కాలిక గవర్నర్‌గా ఉన్నారు. ఆయన్ను ఎర్‌స్కిన్ వరుసలో కలిపేయకుండా విడిగా చూపండి. స్వాతంత్ర్యం వచ్చిన రోజున పట్టికలో గీత పడదు, ఎందుకంటే సర్ ఆర్చిబాల్డ్ నై 1948 సెప్టెంబరు వరకు కొనసాగాడు. ఆంధ్ర జిల్లాలకు గీత గీయవలసింది 1953 అక్టోబరు 1న. ఆ రోజు కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి చందూలాల్ త్రివేది పేరుతో కొత్త పుట మొదలవుతుంది. మద్రాసు పుటలో మాత్రం శ్రీప్రకాశ వరుసను ఆ తేదీతో మూసివేయకండి. ఆయన 1956 డిసెంబరు వరకు అక్కడ గవర్నరే.