బీమాతో కారు బాగు చేయించేటప్పుడు: ఎస్టిమేట్ నుంచి సంతకం దాకా

ప్రమాదంలో దెబ్బతిన్న కారును షెడ్డుకు చేర్చాక చాలామంది యజమానులు లెక్కలన్నీ షెడ్డువారికీ బీమా కంపెనీకీ వదిలేసి, చివరికి "మీ వాటా ఇంత" అని చెప్పిన మొత్తం కట్టి బండి తెచ్చుకుంటారు. ఆ వాటా ఎలా తేలిందో అడిగి తెలుసుకొనే హక్కు, లెక్క తప్పయితే దిద్దించుకొనే హక్కు పాలసీదారుకు ఉన్నాయి. వాటిని వాడుకోవలసింది సంతకం పెట్టే ముందే.

థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవారికి సొంత కారు మరమ్మతుకు ఏమీ రాదు కనుక, మొదట పాలసీలో ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) భాగం ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే ప్రమాద స్థలంలోనే ఫొటోలు తీసి, ఆలస్యం చేయకుండా కంపెనీకి తెలియజేసి క్లెయిమ్ నంబరు తీసుకోవాలి. నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ చూడకముందు షెడ్డువారు ఏ భాగాన్నీ విప్పకుండా, మార్చకుండా చూసుకోవాలి. నీట మునిగిన బండి విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం మునిగినప్పటి లాంటి పరిస్థితిలో, నీరు చేరిన ఇంజిన్‌ను స్టార్ట్ చేస్తే జరిగే నష్టాన్ని వరద వల్ల నేరుగా కలిగినది కాదంటూ కంపెనీలు తోసిపుచ్చవచ్చు. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ (అదనపు రక్షణ) తీసుకోనివారికి ఈ చిక్కు తప్పదు కాబట్టి, తాళం తిప్పకుండా బండిని టోయింగ్ చేయించాలి.

కంపెనీ నెట్‌వర్క్‌లోని షెడ్డులో అయితే క్యాష్‌లెస్ సదుపాయం ఉంటుంది. తమకు నమ్మకమున్న వేరే షెడ్డులో చేయించదలిస్తే ముందుగా కంపెనీకి చెప్పి, సర్వే పూర్తయ్యాక డబ్బు తామే కట్టి, బిల్లులు సమర్పించి తిరిగి పొందవచ్చు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ అందిన 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి, 15 రోజుల్లో ఆయన నివేదిక రావాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. పత్రాలు లేవన్న ఒక్క కారణంతో క్లెయిమ్ తిరస్కరించరాదని కూడా అందులో ఉంది.

అసలు పరిశీలించవలసింది తరుగుదల లెక్క, అంటే భాగాల పాతదనం పేరుతో కంపెనీ చేసే కోత. ప్రామాణిక పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి 50 శాతం, ఫైబర్ గ్లాస్ భాగాలకు 30 శాతం కోత ఉంటుంది. అద్దాలకు కోత లేదు. లోహ భాగాలకు కారు వయసును బట్టి కోత పెరుగుతుంది. మూడేళ్లు దాటి నాలుగేళ్లు నిండని 1,500 సీసీ లోపు కారును తీసుకుందాం. బంపర్ రూ.8,000, డోరు రూ.12,000, ముందు అద్దం రూ.9,000, పెయింటింగ్ రూ.16,000, మొత్తం రూ.45,000 అనుకుంటే, బంపర్‌పై రూ.4,000, డోరుపై 25 శాతం చొప్పున రూ.3,000 తగ్గుతాయి. పెయింటింగ్‌కు ఒకే మొత్తంగా బిల్లు వేసినప్పుడు అందులో 25 శాతాన్ని మాత్రమే రంగు ఖరీదుగా తీసుకొని దానిలో సగం, అంటే రూ.2,000 తగ్గించాలి. మొత్తం పెయింటింగ్‌పై సగం కోస్తే యజమాని రూ.6,000 అదనంగా నష్టపోతాడు. అందుకే ఈ ఒక్క వరుసను ప్రత్యేకంగా చూడమని గట్టిగా చెబుతున్నాను. ఇక ప్రతి క్లెయిమ్‌లో యజమానే భరించవలసిన తప్పనిసరి మినహాయింపు రూ.1,000 కలిపితే, పన్నులు పక్కన పెట్టి, యజమాని వాటా రూ.10,000 అవుతుంది. జీరో డిప్ పాలసీలో తరుగుదల కోత ఉండదు గానీ ఆ మినహాయింపు మాత్రం ఉంటుంది.

మార్చవలసిన భాగాన్ని సర్వేయర్ బాగు చేస్తే సరిపోతుందని రాస్తే, కారణం రాతపూర్వకంగా అడగాలి. నివేదిక ప్రతి కోరాలి. విప్పాక కొత్త దెబ్బ బయటపడితే అదనపు ఎస్టిమేట్ వేయించి, మళ్లీ సర్వే అయ్యేదాకా ఆ పని ఆపించాలి. పాత భాగాల విలువను స్క్రాప్ పేరుతో మినహాయించుకున్నట్లయితే ఆ భాగాలను తనకు ఇమ్మని యజమాని అడగడం న్యాయం. మరమ్మతు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన కారు విలువలో) 75 శాతం దాటితే దానిని పూర్తి నష్టంగా పరిగణించాలన్నది నిబంధన.

పరిహారం ముట్టిందని రాయించుకోవడానికి కంపెనీ ఇచ్చే డిశ్చార్జి వోచరుపై సంతకం చేసినంత మాత్రాన ఎక్కువ పరిహారం కోరే హక్కు పోదని ఐఆర్‌డీఏఐ 2015లోనే కంపెనీలకు స్పష్టం చేసింది. అయినా ఆ కాగితం మీదే "అభ్యంతరంతో స్వీకరించాను" అని రాసి, ఫొటో తీసి ఉంచుకోవడం మంచిది.

వివాదం తేలకపోతే ముందుగా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా తెలపాలి. బీమా భరోసా పోర్టల్‌లోనూ 155255 నంబరులోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా, ఏడాదిలోగా బీమా వివాదాలు తీర్చే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారికి ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. అక్కడ రుసుము లేదు, వకీలు అక్కరలేదు, రూ.50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. అయితే అదే వివాదం వినియోగదారుల కమిషన్‌లో నడుస్తుంటే అంబుడ్స్‌మన్ విచారించరు కనుక అంబుడ్స్‌మన్ మెట్టే ముందు ఎక్కాలి. కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంటుంది. 2019 చట్టం ప్రకారం తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు.