పరిశోధనకు, బోధనకు వన్యప్రాణుల సేకరణ: అనుమతి పొందే విధానం

పాఖాల చెరువు ఒడ్డునో, ఏటూరునాగారం అడవిలోనో ఒక పామును పట్టి, సీసాలో వేసుకొని కళాశాలకు తెచ్చుకోవడం చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చంపడం ఒక్కటే వేట కాదు. పట్టుకోవడం, ఉచ్చు పెట్టడం, పక్షుల గుడ్లు తీయడం, గూళ్లను చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తాయి. అందువల్ల ఉద్దేశం చదువే అయినా, రాతపూర్వకమైన అనుమతి చేతికి వచ్చాకే అడవిలో అడుగు పెట్టాలి.

దరఖాస్తు రాయడానికి ముందే, సేకరించదలచిన జాతుల జాబితా తయారు చేసుకొని, ప్రతి పేరునూ చట్టంలోని షెడ్యూళ్లతో, అంటే చట్టానికి జతచేసిన జాతుల పట్టికలతో, సరిచూసుకోవాలి. ఈ పనికి పాత పుస్తకాలను నమ్మరాదు. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, ఆరు షెడ్యూళ్లను నాలుగుకు తగ్గించింది. వాటిలో జంతువులకు సంబంధించినవి ప్రధానంగా మొదటి రెండు. అంతకుముందు రెండో షెడ్యూల్‌లో ఉన్న నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు ఇప్పుడు మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. ఉడుము, అలుగు, కొండచిలువ కూడా అందులోనివే. వాడుక పేర్లు ఊరూరికీ మారుతాయి కనుక, జాబితాలో శాస్త్రీయ నామం తప్పనిసరిగా ఉండాలి.

అనుమతి ఇచ్చే అధికారం, చట్టంలోని 12వ సెక్షన్ కింద, రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది. విద్య, శాస్త్ర పరిశోధన, గుర్తింపు పొందిన జంతు ప్రదర్శనశాలలకూ మ్యూజియంలకూ నమూనాల సేకరణ వంటి ప్రయోజనాలకే ఈ అనుమతి దొరుకుతుంది. మొదటి షెడ్యూల్ జంతువైతే కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి, మిగిలిన వాటికి రాష్ట్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి ఉండాలి. ఈ దశల వల్ల సమయం పడుతుంది. వానాకాలంలో పని మొదలుపెట్టాలనుకొనేవారు వేసవిలో దరఖాస్తు పెడితే ఆలస్యమైనట్టే.

దరఖాస్తులో అధికారి ముందుగా వెతికేది సంఖ్య కోసమే అనుకొని రాయాలి. ‘కొన్ని నమూనాలు’ అని రాయకుండా, ఏ జాతివి ఎన్ని, ఏ ప్రాంతంలో, ఏ నెలల్లో, ఏ పద్ధతిలో పట్టుకుంటారో, పని ముగిశాక వదిలిపెడతారో భద్రపరుస్తారో స్పష్టంగా చెప్పాలి. ఫొటోతో, చర్మం నుంచి తీసిన చిన్న నమూనాతో పని జరిగే చోట ప్రాణం తీయడానికి అనుమతి అడగడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఎందుకు తప్పదో ఒక పేరా రాయలేకపోతే ఆ జాతిని జాబితా నుంచి తీసివేయడమే మంచిది. దరఖాస్తు సంస్థాధిపతి ద్వారా వెళ్లాలి. స్థానిక డీఎఫ్‌ఓకు (జిల్లా అటవీ అధికారికి) ముందే విషయం తెలియజేయడం మేలు. అభయారణ్యంలో పని ఉంటే 28వ సెక్షన్ కింద ప్రవేశ అనుమతి కూడా కావాలి. కవ్వాల్ వంటి పులుల అభయారణ్యంలో మరింత జాగ్రత్త అవసరం.

రోడ్డు మీద వాహనం కింద పడి చనిపోయిన జంతువును తీసుకుంటే తప్పేమిటని విద్యార్థులు తరచూ అడుగుతారు. చట్టంలోని వన్యప్రాణి చనిపోయి కనిపించినా అది ప్రభుత్వ ఆస్తే. అది చేతికి వచ్చిన 48 గంటల్లోపు సమీప పోలీసు స్టేషన్‌కో, అటవీ అధికారికో తెలిపి, అడిగితే అప్పగించాలి.

అనుమతి వచ్చాక దాని నకలు క్షేత్రంలో ఎప్పుడూ దగ్గర ఉండాలి. సేకరించిన రోజే చీటీ మీద జాతి, తేదీ, స్థలం, సేకరించినవారి పేరు, అనుమతి సంఖ్య పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయాలి. నేను చూసిన ఒక కళాశాల మ్యూజియంలో బాల్‌పెన్‌తో రాసిన చీటీ స్పిరిట్‌లో కరిగిపోయి, నీలిరంగు తిరిగిన ద్రవంలో పాము మాత్రమే మిగిలింది. అది ఎక్కడిదో, ఏ అనుమతి కింద వచ్చిందో చెప్పగలిగినవారు అక్కడ ఒక్కరూ లేరు. చీటీలోని వివరాలనే అదే రోజు రిజిస్టరులోనూ ఎక్కించి, విభాగాధిపతితో సంతకం చేయించుకోవాలి.