వీపీఎన్ నేర్చుకుందాం, 4వ పాఠం: ఆన్ చేసినా లొకేషన్ మారకపోతే

యాప్‌లో కనెక్టెడ్ అని పచ్చగా కనిపిస్తోంది, జెండా మారింది, తీరా సైట్ తెరిస్తే అదే పాత దేశం. ఈ పాఠమంతా ఈ ఒక్క సమస్య మీదే. టన్నెల్ (మీ ట్రాఫిక్ వీపీఎన్ సర్వర్‌కి వెళ్లే రహస్య దారి) ఎలా ఏర్పడుతుందో, మీ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌కి ఉండే నంబర్) బదులు సర్వర్ ఐపీ ఎలా కనిపిస్తుందో పోయిన పాఠంలో చూశాం కాబట్టి మళ్లీ అక్కడికి వెళ్లను.

ఇలాంటప్పుడు చాలామంది వెంటనే యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు, లేదంటే సర్వర్ మీద సర్వర్ మారుస్తూ పోతారు. దయచేసి అలా చేయకండి. మీరెక్కడున్నారో సైట్‌కి చెప్పేది ఐపీ ఒక్కటే కాదు, బ్రౌజర్ చెబుతుంది, ఫోన్ చెబుతుంది, మీరు లాగిన్ అయిన అకౌంట్ చెబుతుంది, ఇన్నింటిలో వీపీఎన్ మార్చేది ఐపీని మాత్రమే. ఎవరు చెప్పేశారో పట్టుకోకుండా ఏం మార్చినా చీకట్లో తడుముకోవడమే. అనుకోకుండా బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, వచ్చే వారం మళ్లీ అదే టెన్షన్.

ముందు ఒక్క ప్రశ్న: ఐపీ మారిందా?

వీపీఎన్ ఆపండి. మీ ఐపీ ఏమిటో చూపించే సైట్ ఏదైనా తెరవండి, ఐపీవీ4 (పాత, పొట్టి రకం అడ్రస్), ఐపీవీ6 (కొత్త, పొడవాటి రకం) రెండూ చూపించేదైతే మంచిది. కనిపించినవి రెండూ కాగితం మీద రాసుకోండి. బ్రౌజర్ మొత్తం మూసేసి, వీపీఎన్ ఆన్ చేసి, ప్రైవేట్ విండోలో అదే సైట్ మళ్లీ తెరిచి, వచ్చినవి పక్కనే రాయండి. గుర్తుంటాయిలే అనుకోకండి, ఆ అంకెలు గుర్తుండవు.

ఇక్కడ కొత్తవాళ్లు తరచూ తడబడేది ఒకటుంది. వైఫై సెట్టింగ్స్‌లోకి వెళ్లి 192.168తోనో 10తోనో మొదలయ్యే నంబర్ చూసి, ఇది మారనేలేదు, వీపీఎన్ పనిచేయట్లేదు అనుకుంటారు. అది మీ రౌటర్ మీ పరికరానికి ఇచ్చిన ప్రైవేట్ అడ్రస్. వీపీఎన్ ఆన్‌లో ఉన్నా అది అలాగే ఉంటుంది, బయటి సైట్లు దాన్ని చూసి మీ దేశం చెప్పలేవు. మనకు కావలసింది బయటికి కనిపించే అడ్రస్.

మారకపోతే

రెండు అడ్రస్‌లూ అచ్చం పాతవే అయితే మీ ట్రాఫిక్ టన్నెల్‌లోకి వెళ్లడమే లేదు. మొదట చూడాల్సింది స్ప్లిట్ టన్నెలింగ్. కొన్ని యాప్‌లను వీపీఎన్ బయట ఉంచే సెట్టింగ్ అది, ఎప్పుడో ఏదో అవసరానికి బ్రౌజర్‌ను అందులో చేర్చి మర్చిపోయి ఉంటారు. రెండోది, మీరు వాడుతున్నది బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ కావచ్చు. అది ఆ ఒక్క బ్రౌజర్‌కే పనిచేస్తుంది, పక్క బ్రౌజర్‌లోనో వేరే యాప్‌లోనో వెతికితే పాత ఐపీయే కనిపిస్తుంది, పైగా చాలా ఎక్స్‌టెన్షన్లకు ప్రైవేట్ విండోలో పనిచేయడానికి విడిగా అనుమతి ఇవ్వాలి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతికి సెట్టింగుల ఫైల్‌ను సొంతంగా రాసుకున్నవాళ్లైతే అలౌడ్ ఐపీస్ అన్న వరుస చూడండి, అక్కడ 0.0.0.0/0 ఉంటేనే ఐపీవీ4 ట్రాఫిక్ మొత్తం టన్నెల్‌లోకి వెళ్తుంది. ఐపీవీ6 కోసం పక్కన కామా పెట్టి ::/0 కూడా ఉందో లేదో చూడండి, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది.

కాగితం మీద ఇలా ఉందనుకోండి. ఆఫ్‌లో ఉన్నప్పుడు ఐపీవీ4 203.0.113.25, ఆన్ చేశాక 198.51.100.7. బాగుంది, మారింది. కానీ కింద 2001తో మొదలయ్యే పొడవాటి ఐపీవీ6 అడ్రస్ రెండుసార్లూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. మీ వీపీఎన్ ఐపీవీ4ను మాత్రమే టన్నెల్‌లోకి తీసుకుని, ఐపీవీ6ను దాని మానాన వదిలేసింది: వీధి తలుపుకి తాళం వేసి పెరటి తలుపు బార్లా తెరిచి ఉంచినట్టు. పైగా ఒక సైట్‌కి రెండు రకాల అడ్రస్‌లూ ఉంటే బ్రౌజర్ సాధారణంగా ఐపీవీ6కే ముందు అవకాశం ఇస్తుంది, కాబట్టి ఇది ఎప్పుడో ఒకసారి జరిగే లీక్ కాదు, ఐపీవీ6 ఉన్న ప్రతి సైట్‌లోనూ మీ అసలు దేశమే కనిపిస్తుంది, ఐపీవీ6 లేని సైట్‌లో మాత్రం అంతా సరిగ్గా ఉన్నట్టుంటుంది. ఒక సైట్ మారిందంటుంది, ఇంకోటి లేదంటుంది అని జుట్టు పీక్కునేవాళ్లు ముందు చూడాల్సింది దీన్నే.

సరిచేయాలంటే ముందు వీపీఎన్ యాప్‌లో ఐపీవీ6 లీక్ ప్రొటెక్షన్ లాంటి ఆప్షన్ ఉందేమో చూసి ఆన్ చేయండి. లేకపోతే నెట్‌వర్క్ అడాప్టర్ సెట్టింగ్స్‌లో ఐపీవీ6 పక్కన టిక్ తీసేసి మళ్లీ పరీక్షించండి. ఇది నిర్ధారించుకోవడానికి మాత్రమే, కారణం ఇదేనని తేలాక టిక్ తిరిగి పెట్టేసి, ఐపీవీ6ను సరిగ్గా చూసుకునే వీపీఎన్‌కు మారడమే నా సలహా.

వెబ్‌ఆర్‌టీసీ గురించి కూడా వినే ఉంటారు. బ్రౌజర్‌లో వీడియో కాల్స్ కోసం ఉన్న ఏర్పాటు అది, దాని ద్వారా కొన్ని సందర్భాల్లో అసలు ఐపీ బయటపడుతుంది. లీక్ టెస్ట్ సైట్లలో ఒక్కసారి చూసుకుంటే చాలు. డీఎన్‌ఎస్ లీక్ (సైట్ పేరుకు అడ్రస్ ఏమిటని అడిగే ప్రశ్నలు టన్నెల్ బయట వెళ్లడం) కూడా అక్కడే తెలుస్తుంది, గోప్యత పరంగా అది పెద్ద విషయమే, కానీ మామూలు సైట్ మీ దేశాన్ని తప్పుగా చూపించడానికి అది కారణమయ్యేది తక్కువ.

మారినా సైట్ నమ్మకపోతే

రెండు అడ్రస్‌లూ మారాయి, అయినా మ్యాప్ తెరిస్తే మీ వీధి, మీ మలుపు దగ్గర నీలం చుక్క. ఇక్కడ వీపీఎన్ తప్పు ఏమాత్రం లేదు. మీరు ఎప్పుడో ఆ సైట్ అడిగినప్పుడు లొకేషన్ అలౌ నొక్కారు. అప్పటి నుంచి బ్రౌజర్ ఐపీని పట్టించుకోదు, ఫోనైతే జీపీఎస్ వాడుతుంది, ల్యాప్‌టాప్ అయితే చుట్టుపక్కల వైఫై రౌటర్ల గుర్తింపు నంబర్లను లొకేషన్ సర్వీస్‌కి పంపి, అవి ఏ చోట ఉన్నాయో అడిగి తెలుసుకుంటుంది. ఆ ప్రశ్న వీపీఎన్ గుండానే వెళ్లినా జవాబు మాత్రం మీ అసలు చోటే. అడ్రస్ బార్‌లో ఎడమ పక్క గుర్తు నొక్కి ఆ సైట్‌కి లొకేషన్ అనుమతి తీసేయండి, ఫోన్‌లోనైతే యాప్ పర్మిషన్లలోనూ తీసేయండి.

తర్వాత అకౌంట్. ప్రైవేట్ విండోలో లాగిన్ కాకుండా చూస్తే కొత్త దేశం, లాగిన్ కాగానే పాత దేశం వస్తోందంటే మీ అకౌంట్‌లో దేశం రాసి ఉంది. గూగుల్ ప్లే దీనికి మంచి ఉదాహరణ, అక్కడ దేశం ఏడాదికి ఒక్కసారే మార్చుకోనిస్తారు, దానికి ఆ దేశపు పేమెంట్ పద్ధతి కూడా కావాలి. వీపీఎన్ సర్వర్లు ఎన్ని మార్చినా ఇది కదలదు. సిస్టమ్ టైమ్ జోన్, భాష సెట్టింగులు కూడా సైట్‌కి కనిపిస్తాయి, ఐపీ ఒక దేశం చెప్పి గడియారం ఇంకో దేశం చెబితే అనుమానించే సైట్లున్నాయి.

సైట్ ఇచ్చే మెసేజ్ కూడా జాగ్రత్తగా చదవండి. మీ దేశంలో ఇది లేదు అంటే లొకేషన్ మారలేదేమో. ప్రాక్సీ లేదా వీపీఎన్ వాడుతున్నారు అంటే లొకేషన్ మారినట్టే, వాళ్లు ఆ సర్వర్ అడ్రస్‌లను గుర్తుపట్టి ఆపేశారు. రెండూ వేర్వేరు సమస్యలు. రెండోదానికి మీ సెట్టింగులతో సంబంధం లేదు, అది ఆ సైట్ పెట్టుకున్న నిబంధన.

సర్వర్ నిజంగా అక్కడే ఉందా?

ఐపీ మారింది, కానీ ఒక సైట్ ఒక దేశం పేరు, ఇంకో సైట్ వేరే దేశం పేరు చెబుతున్నాయి. ఐపీ అడ్రస్‌లో దేశం రాసి ఉండదు. మ్యాక్స్‌మైండ్ లాంటి సంస్థలు తయారుచేసిన డేటాబేస్‌లో వెతికి చెబుతారు, అది అంచనా మాత్రమే. అది ఎంత తప్పగలదో చూడండి: అమెరికాలోదని తప్ప ఇంకేమీ తెలియని అడ్రస్‌లన్నింటినీ మ్యాక్స్‌మైండ్ దేశం నడిమధ్యన ఒక బిందువుకి చూపించేది. ఆ బిందువు కాన్సస్ రాష్ట్రంలో ఒక పొలం దగ్గర పడింది, ఇంటర్నెట్ మోసగాళ్లను వెతుక్కుంటూ జనం, పోలీసులు ఆ ఇంటికే వచ్చేవాళ్లు. 2016లో ఇది బయటికొచ్చాక ఆ బిందువును ఒక జలాశయంలోకి మార్చారు. నెట్‌వర్క్ నడిపేవాళ్లే తమ అడ్రస్‌లు ఎక్కడివో ప్రకటించుకునే పద్ధతి కూడా ఉంది, దాని ఫార్మాట్ 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8805 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చింది. కొన్ని వీపీఎన్‌లు వర్చువల్ లొకేషన్ ఇచ్చేది ఇలాంటి దారుల్లోనే: సర్వర్ ఒక దేశంలో ఉంటుంది, అడ్రస్ ఇంకో దేశంలోదని నమోదవుతుంది.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది, అంటే పోయి రావడానికి 1 మిల్లీసెకను పడితే సర్వర్ 100 కిలోమీటర్ల లోపే ఉండాలి. వీపీఎన్ ఆపి ఆ సర్వర్‌కి పింగ్ చేయండి, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలవండి. సర్వర్ 8,000 కిలోమీటర్ల దూరంలో ఉందని యాప్ చెబుతుంటే కనీసం 80 మిల్లీసెకన్లు పట్టాలి. 12 వచ్చిందా, సర్వర్ 1,200 కిలోమీటర్ల లోపలే ఉంది, జెండా ఏదైనా సరే. ఎక్కువ వస్తే మాత్రం దూరంగా ఉన్నట్టు రుజువైపోదు, దారి చుట్టూ తిరిగినా, నెట్ నెమ్మదించినా అంకె పెరుగుతుంది. తక్కువ అంకె మాత్రం అబద్ధం చెప్పలేదు.

ఈసారి అభ్యాసం: మీరు వాడే మూడు సర్వర్లు తీసుకుని, ఒక్కోదానికి పింగ్ అంకె, ఆన్ చేశాక వచ్చిన ఐపీవీ4, ఐపీవీ6, రెండు వేర్వేరు సైట్లు చెప్పిన దేశం, ఇవన్నీ ఒక పట్టికలో రాయండి. ఐపీవీ6 గడి ఖాళీగా వస్తే కంగారు పడకండి, మీ వీపీఎన్ దాన్ని ఆపేసిందని అర్థం, లేదా మీ కనెక్షన్‌కి అసలు ఐపీవీ6 లేదు, ఏది నిజమో వీపీఎన్ ఆపి చూస్తే తెలిసిపోతుంది. వచ్చే పాఠంలో కిల్ స్విచ్ (వీపీఎన్ తెగిపోతే నెట్‌ను ఆపేసే ఏర్పాటు) పెట్టేటప్పుడు ఈ పట్టికతోనే పని.