మంచు చరియల పాఠాలు - 3: అడుగు పొర

పలకగా విరిగి జారే మంచు చరియల్లో ఎక్కువ భాగం 30 నుంచి 45 డిగ్రీల వాలుపైనే మొదలవుతాయని గత పాఠంలో చూశాం. ఒకే కోణమున్న రెండు వాలుల్లో ఒకటి నిలిచి, మరొకటి ఎందుకు జారుతుందో తెలియాలంటే మంచు లోపలికి చూడాలి.

కశ్మీర్‌లోని గుల్మార్గ్‌నే తీసుకుందాం. నవంబరులో పల్చగా మంచు కురిసి, ఆపై వారాల తరబడి మబ్బులేని చలి రాత్రులు గడిచాయనుకోండి. నేలను ఆనుకున్న మంచు దాదాపు సున్నా డిగ్రీల వద్దే ఉంటుంది. పైభాగం మాత్రం వేడిని ఆకాశంలోకి వదిలి బాగా చల్లబడుతుంది. మందం 50 సెంటీమీటర్లు, పైన మైనస్ 15 డిగ్రీలు ఉంటే ప్రతి 10 సెంటీమీటర్లకు 3 డిగ్రీల తేడా అన్నమాట. ఈ తేడా సుమారు 1 డిగ్రీ దాటితే, అడుగునుంచి పైకి వెళ్లే నీటి ఆవిరి మళ్లీ మళ్లీ గడ్డకడుతూ, మంచు రేణువులను ఒకదానికొకటి అతకని కోణాల స్ఫటికాలుగా మార్చివేస్తుంది. గుప్పిట పడితే పంచదారలా జారిపోయే పొర అది. అదే చలిలో మంచు 2 మీటర్లుంటే తేడా 1 డిగ్రీకి లోపే. అందువల్ల మంచు తక్కువ పడిన ఏడాది భయం లేదనుకోకూడదు. కొత్తవారు ముందుగా వదిలించుకోవలసిన అపోహ ఇదేనని నా అభిప్రాయం.

డిసెంబరు 21న మొదలై 40 రోజులు సాగే చిల్లై కలాన్‌లో, అంటే కశ్మీర్‌లో చలి అతి తీవ్రంగా ఉండే కాలంలో, వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు (పడమటి నుంచి వచ్చే వాతావరణ అలజడులు) తెచ్చే కొత్త మంచు, ముఖ్యంగా గాలి ఎత్తుకొచ్చి శిఖరానికి గాలి మరుగు వైపున పేర్చినది, ఆ పొరపై పలకగా బిగుసుకుంటుంది. అప్పుడు ఒక్క స్కీయరు బరువుకే అడుగు పొర కుప్పకూలవచ్చు.

పరీక్షించడానికి, మీరు వెళ్లదలచిన వాలు ఏ దిక్కుకు, ఎంత ఎత్తులో ఉందో అలాంటిదే ఐనా చరియ ముప్పు లేని చోట గుంట తవ్వండి. 30 సెంటీమీటర్ల చదరపు స్తంభాన్ని అన్ని వైపులా విడదీసి, పైన పార రేకు పెట్టి, మణికట్టు కదలికతో 10, మోచేతి నుంచి 10, భుజం నుంచి 10 దెబ్బలు కొట్టండి. ఎన్నో దెబ్బకు విరిగిందన్నదే కాక, ఎలా విరిగిందన్నదీ రాసుకోండి: నున్నగా, ఒక్కసారిగా తెగితే అది చెడ్డ సూచన. విరగకపోయినా వాలు క్షేమమని తేలినట్టు కాదు, ఎందుకంటే పది అడుగుల అవతల పొర వేరుగా ఉండవచ్చు. ఇక నడుస్తుండగా కాళ్లకింద మంచు ‘ధబ్’మని కుంగితే పరీక్షతో పనిలేదు, నిటారు వాలుల జోలికి పోకుండా వెనుదిరగాలి.

అభ్యాసం: మందం 80 సెంటీమీటర్లు, పైన మైనస్ 12 డిగ్రీలు, అడుగున సున్నా. ప్రతి 10 సెంటీమీటర్లకు తేడా ఎంత? అదే చలిలో ఆ తేడా 1 డిగ్రీకి తగ్గాలంటే మంచు ఎంత మందం ఉండాలి?