రిటర్నుల ముందు బ్రౌజర్ మారుస్తున్నారా?

జులైలో ఐటీ రిటర్నులు వేసేలోపు, విండోస్‌తో వచ్చిన ఎడ్జ్ వదిలి ఫైర్‌ఫాక్స్‌కో బ్రేవ్‌కో మారాలనుకునేవాళ్లకు:

- డౌన్‌లోడ్ అసలు సైటు నుంచే. వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటన నొక్కొద్దు. నకిలీ ఇన్‌స్టాలర్ దూరితే పాస్‌వర్డులన్నీ పోయినట్టే.

- పాత బ్రౌజర్‌లోంచి పాస్‌వర్డులు సీఎస్‌వీ (పట్టికలా ఉండే మామూలు టెక్స్ట్) ఫైలుగా తీస్తే, కొత్తదాంట్లో ఎక్కించగానే చెరిపేయండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. అందులో అన్నీ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి, నోట్‌ప్యాడ్‌లో ఎవరైనా తెరిచి చదవొచ్చు. చాలామంది మరిచిపోయేది ఇదే.

- విండోస్ 7 అయితే ఆగండి. దానికి క్రోమ్ 2023లో 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది. ముందు మార్చాల్సింది విండోస్‌నే.

- ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు, ఒకటి రెండు చాలు. అన్ని సైట్ల డేటా చదివే అనుమతి ఇస్తే, బ్యాంకు పేజీ కూడా అందులోకే వస్తుంది.

- ఐఫోన్‌లోనా? మన దగ్గర ఏ బ్రౌజర్ పెట్టినా లోపల నడిచేది యాపిల్ సొంత బ్రౌజర్ సఫారీ ఇంజినే. టెన్షన్ పడకుండా ఐఓఎస్ అప్‌డేట్ చేసుకోండి.