జబ్బు నుంచి కోలుకున్నాక పాత పడవను మీరే బాగుచేయాలనుకుంటే

ముందు పడవ సంగతి తేల్చుకోండి. చెక్క పడవైతే అడుగు పలకల్లో, అతుకుల దగ్గర సన్న స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. మెత్తగా దిగిపోతే అక్కడ చెక్క పుచ్చినట్టే. ఫైబర్ పడవైతే చిన్న సుత్తితో మెల్లగా తడుతూ వెళ్ళండి. గట్టి శబ్దం మారి బోలుగా, మందంగా వినిపించిన చోట పొరలు విడిపోయి ఉండొచ్చు. ఇంత చూడటానికి పెద్ద శ్రమేమీ ఉండదు.

తర్వాత డాక్టర్ దగ్గరకు వెళ్ళినప్పుడు "పని చేయొచ్చా?" అని మాత్రం అడగకండి, దానికి సరైన జవాబు రాదు. ఏ పనులో విడివిడిగా చెప్పండి: వెల్లకిలా పడుకుని చేతులు పైకెత్తి గీకడం, ఇంజిన్ ఎత్తడం, నిచ్చెన ఎక్కడం, రెసిన్ (ఫైబర్ పొరలను అతికించే జిగురు) వాసనలో గంటలు గడపడం. ఛాతీ తెరిచి గుండె ఆపరేషన్ చేసినవాళ్ళకు, కోసిన రొమ్ము ఎముక అతుక్కునే వరకు, అంటే సాధారణంగా 6 నుంచి 12 వారాలు, బరువులు వద్దంటారు. పేస్‌మేకర్ (గుండె లయను సరిచేసే చిన్న పరికరం) ఉంటే వెల్డింగ్ గురించి తప్పకుండా అడగాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే చిన్న కోత పడినా రక్తం త్వరగా ఆగదు.

ఊపిరితిత్తుల జబ్బు వచ్చినవాళ్ళు శాండింగ్ (గరుకు కాగితంతో రుద్ది నునుపు చేయడం) జోలికి వెళ్ళకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, ఫైబర్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మామూలు గుడ్డ మాస్క్ దాన్ని ఆపదు.

ఆ పని, బరువు పనులు కూలికి ఇచ్చేయండి. వైరింగ్, బిగింపులు, చివరి రంగు మీరు ఉంచుకోండి. అడుగు భాగమంతా పాడైందని తేలితే మాత్రం అమ్మేయడం గురించి ఇంట్లోవాళ్ళతో మాట్లాడండి.